పెద్దల డైపర్లు మన ఊరి షాపులో ఎందుకు దొరకవు?

ప్రశ్న: మా అత్తగారికి 82 ఏళ్లు. పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పటి నుంచి ఆమెకు మూత్రం మీద అదుపు లేదు. మేము మండల కేంద్రంలో ఉంటున్నాం. ఇక్కడ పసిపిల్లల డైపర్లు కిరాణా కొట్టులో కూడా వేలాడుతుంటాయి. పెద్దలవి మాత్రం నాలుగు మెడికల్ షాపులు తిరిగినా ఒక్కోసారి దొరకవు, దొరికినా ఆమెకు సరిపోయే సైజు ఉండదు. వృద్ధుల సంఖ్య బాగా పెరుగుతోందని చదువుతున్నాం కదా, మరి ఆ సరుకు మా దాకా ఎందుకు రావడం లేదు?
– ఒక కోడలు, ప్రకాశం జిల్లా

జవాబు: వృద్ధులు పెరిగినంత మాత్రాన సరుకు షాపుకు చేరదు. ఆ అవసరం షాపు యజమాని కంటికి కనిపించాలి, చెవిన పడాలి. మన దగ్గర వృద్ధుల సంఖ్య పెరుగుతున్న మాట నిజమే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 8.6 మంది 60 ఏళ్లు దాటినవారు కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారు దాదాపు 10 మంది. ఆ తరువాత 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కు తగ్గినట్టు తేలింది. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేయడం వెనుక ఉన్నది కూడా పిల్లలు తగ్గి వృద్ధుల వాటా పెరుగుతోందన్న ఆందోళనే.

జనాభాలో 65 ఏళ్లు దాటినవారు నూటికి 29 మంది ఉన్న జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. ఓజి హోల్డింగ్స్ అనే సంస్థ ఆ దేశంలో పసిపిల్లల డైపర్ల తయారీని ఆపివేసి పెద్దల డైపర్ల మీద దృష్టి పెడతామని 2024లో ప్రకటించింది. అయితే అక్కడ వృద్ధులు ఎక్కువ కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. వృద్ధుల సంరక్షణ కోసం 2000లోనే ప్రత్యేక బీమా వచ్చింది. డాక్టరు ధ్రువీకరణ ఉంటే మంచం పట్టినవారి డైపర్ల ఖర్చుకు పన్ను మినహాయింపు కూడా లభిస్తుంది. ఆ విధంగా ఇంట్లో దాగి ఉన్న అవసరం లెక్కలోకి, లెక్క నుంచి షాపులోకి వచ్చింది. డైపర్ల తయారీలో పేరున్న జపాన్ సంస్థ యూనిచార్మ్‌కు మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే కర్మాగారం ఉంది. అంటే సమస్య కర్మాగారం దూరంగా ఉండటం కాదు, చివరి షాపు దగ్గర ఉంది.

ఆ షాపు యజమాని వైపు నుంచి ఆలోచించండి. పెద్దల డైపర్ల ప్యాకెట్ ఒక్కటి ఆక్రమించే అరలో అంతకంటే ఎన్నో రెట్లు విలువైన మాత్రలు పడతాయి. నడుముకు రెండు పక్కలా అంటించే రకం, నిక్కరులా తొడిగే రకం, ఒక్కోదానిలో మూడు నాలుగు సైజులు కలిపితే ఆరు నుంచి ఎనిమిది వరుసలు పెట్టాలి. పసిబిడ్డ ఉన్న ఇల్లు నెలల తరబడి తప్పకుండా కొంటుంది, నలుగురిలో గట్టిగా అడిగి మరీ కొంటుంది. పెద్దల విషయంలో కొందరు ఆసుపత్రి నుంచి వచ్చాక రెండు వారాలు వాడి మానేస్తారు, కొందరు పాత చీర ముక్కలు, రబ్బరు షీటుతో గడుపుతారు. పెద్దవారు కన్నుమూస్తే ఆ కొనుగోలు ఆ రోజుతో ఆగిపోతుంది, ఆ సైజు ప్యాకెట్లు మాత్రం షాపులో మిగిలిపోతాయి. అడిగేవారు కూడా మిగతా గిరాకీ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద అడ్డంకి ఈ బిడియమే. ముదిమి మీద పడటం ఏ ఇంటికైనా తప్పదు, అందులో తలవంచుకోవలసింది ఏమీ లేదు.

కాబట్టి మీరు చేయగలిగిన పని ఇది. రోజుకు మూడు వాడితే నెలకు తొంభై కావాలి. ఏ రకం, ఏ సైజు, నెలకు ఎన్ని ప్యాకెట్లు అన్నది కాగితం మీద రాసి, మీకు దగ్గరైన ఒకే ఒక షాపులో ఇచ్చి, వీలైతే కొంత ముందుగా చెల్లించండి. మీ ఊళ్లో ఇదే అవసరం ఉన్న ఇళ్లు ఆశా కార్యకర్తకు తెలిసే ఉంటాయి. నలుగురు కలిసి ఒకే షాపులో చెబితే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక పెట్టె తెప్పించడానికి ఆయన వెనుకాడడు. నడుము చుట్టుకొలత, పిరుదుల చుట్టుకొలత రెండూ కొలిచి, ఎక్కువున్న దాన్ని బట్టి సైజు ఎంచుకోండి. ఆమె మంచం మీదే ఉన్నారు కనుక పక్కలకు అంటించే రకమే మార్చడానికి సులువు. దాని కింద అండర్‌ప్యాడ్ (తడిని పీల్చుకునే పరుపు షీటు) వేస్తే పరుపు తడవదు. 2025 సెప్టెంబరు 22 నుంచి డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కనుక, ప్యాకెట్ మీది ధర ఒకసారి సరిచూసుకోండి.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. అదుపు తప్పడానికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, మధుమేహం, వాడుతున్న మందులు కూడా కారణం కావచ్చు. డాక్టరుకు ఒకసారి చూపించండి. పక్క తడుస్తుందని ఆమెకు నీళ్లు తగ్గించకండి, దానివల్ల ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది.

ప్రశ్న: నేను చిన్న మెడికల్ షాపు నడుపుతున్నాను. ఈ సరుకు ఎంత పెట్టుకోవడం మంచిది?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: రెండు రకాల్లోనూ మధ్యస్థం, పెద్దది అనే రెండు సైజులతో మొదలుపెట్టండి, మిగతావి అడిగినవారికి తెప్పించి ఇవ్వండి. ప్యాకెట్లను అటకెక్కించకుండా కనిపించే చోట పెట్టి, "పెద్దల డైపర్లు దొరుకుతాయి" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. అది చదివినవారు నోరు తెరిచి అడగవలసిన అవసరం లేకుండా వేలితో చూపిస్తే సరిపోతుంది. ఫోన్ చేస్తే ఇంటికి పంపుతామని కూడా అదే బోర్డు మీద రాయించండి, మంచం పట్టినవారిని వదిలి బయటికి రాలేని ఇళ్లు మీ చుట్టుపక్కల తప్పకుండా ఉంటాయి.