సమాధానం: పేజీ ఫ్లిప్ తర్వాత పాత బఫర్‌ను వదలవలసిన సమయం

కావలి మిత్రులకు నమస్కారం. మీ లినక్స్ డిస్‌ప్లే డ్రైవర్ పేజీ ఫ్లిప్ (తెర చదివే బఫర్‌ను, అంటే చిత్రం ఉండే మెమరీని, కొత్తదానికి మార్చడం) కోరిన వెంటనే పాత బఫర్‌ను విడుదల చేస్తోందని, బస్సు వేళలు చూపే బోర్డు మీద అప్పుడప్పుడు పిచ్చి గీతలు కనబడుతున్నాయని రాశారు. ఫ్లిప్ కోరడం వేరు, అది జరగడం వేరు. సెకనుకు 60 సార్లు మారే తెరలో తర్వాతి వీబ్లాంక్ (ఒక ఫ్రేమ్ ముగిసి మరొకటి మొదలయ్యే మధ్య విరామం) వచ్చేదాకా, అంటే దాదాపు 16.7 మిల్లీసెకన్ల వరకు, హార్డ్‌వేర్ పాత బఫర్‌నే చదువుతూ ఉండవచ్చు కనుక, ఈలోగా ఆ మెమరీ మరొకరికి దక్కితే వారు రాసిందే తెరకెక్కుతుంది. కాబట్టి పాత ఫ్రేమ్‌బఫర్ (ఆ చిత్రపు బఫర్) రిఫరెన్స్‌ను, అంటే దాన్ని ఇంకా వాడుతున్నామనే లెక్కను, నిలిపి ఉంచి, ఫ్లిప్ పూర్తయ్యాకే వదలండి; అయితే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (హార్డ్‌వేర్ సంకేతం రాగానే నడిచే కోడ్‌లో) కాదు, వర్క్‌క్యూలో (పనిని తర్వాత చేయించే కెర్నల్ వరుసలో), ఎందుకంటే చివరి రిఫరెన్స్ పోయేటప్పుడు నడిచే కోడ్ నిద్రపోవచ్చు, అంటే దేనికోసమో ఆగిపోవచ్చు; ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో అలా ఆగకూడదు. ఆటమిక్ హెల్పర్లకు (తెర మార్పులన్నిటినీ ఒకేసారి అమలుచేసే కెర్నల్ సిద్ధ ఫంక్షన్లకు) మారగలిగితే ఈ తంటా చాలావరకు తప్పుతుందని నా అభిప్రాయం. అప్పుడు కూడా, కమిట్ టెయిల్‌ను (మార్పులను హార్డ్‌వేర్‌కు అమలుచేసే చివరి దశ ఫంక్షన్‌ను) సొంతంగా రాసుకుంటే, ప్లేన్లను (తెరపై చిత్రాన్ని చూపే హార్డ్‌వేర్ పొరలను) శుభ్రపరిచే పిలుపుకు ముందే ఫ్లిప్ కోసం వేచి ఉండే పిలుపు ఉండాలి.