మట్టి తెప్పించే ముందు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

మహబూబ్‌నగర్‌లో కట్టుకున్న కొత్త ఇంటి మిద్దె మీద తోట పెడుతున్నావనీ, పన్నెండంగుళాల కుండీలు ఇరవై, ఆకుకూరల తొట్లు నాలుగు, అడ్డంగా రెండుగా కోయించిన పెద్ద డ్రమ్ము ఒకటి ఇప్పటికే కొనేశావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విని ఎంతో సంబరపడ్డాను. అయితే నర్సరీ అతను కుండీకి సంచి చొప్పున ఇరవై సంచులు రాసుకున్నాడనీ, అవి చాలవేమోనని నువ్వు ఏకంగా ట్రాక్టర్ మాట్లాడుతున్నావనీ విన్న తరువాత మాత్రం నాకు సరిగా నిద్ర పట్టలేదు. అంకెలు ఫోన్‌లో చెబితే నిలవవు కనుక కాగితం మీద పెడుతున్నాను.

అడుగున రంధ్రం లేని కుండీని వాడవద్దు. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు. నీళ్లు బాగా దిగుతాయని అడుగున కంకర పరచమని ఎవరైనా చెబితే వినవద్దు; ఆ కంకర మట్టి ఉండవలసిన చోటును తింటుంది, పైగా నీరు దానికి పైనున్న మట్టిలోనే ఆగిపోయి వేళ్లను కుళ్లబెడుతుంది.

ఇక కొలత సంగతి. దుకాణంలో పన్నెండంగుళాల కుండీ అంటే అది మూతి కొలత మాత్రమే. అడుగుకు వచ్చేసరికి కుండీ ఎనిమిదంగుళాలకు సన్నబడుతుంది. అందుచేత లోపల సగం ఎత్తు దగ్గర టేపును అడ్డంగా పెట్టి వెడల్పు చూడు. మూతి 30 సెంటీమీటర్లు, అడుగు 20 అయితే నడిమి వెడల్పు 25 వస్తుంది. ఆ 25ను 25తోనూ, కుండీ గుండ్రం కనుక వచ్చినదాన్ని 0.785తోనూ గుణిస్తే సుమారు 490. దాన్ని మట్టి లోతుతో గుణించాలి, కుండీ ఎత్తుతో కాదు. పోసిన నీళ్లు పొర్లిపోకుండా పైన మూడు సెంటీమీటర్లయినా ఖాళీ వదలాలి కనుక 30 సెంటీమీటర్ల ఎత్తున్న కుండీలో మట్టి లోతు 27. అప్పుడు 13,230 ఘన సెంటీమీటర్లు, అంటే 13 లీటర్ల పైచిలుకు. ఇదే కుండీని మూతి వెడల్పుతో, నిండు ఎత్తుతో లెక్కగడితే 21 లీటర్లు వస్తుంది. తేడా ఎంతో చూశావు కదా!

ఈ తేడానే మీ బాపు లెక్క చేయలేదు. నువ్వు అప్పుడు పలక పట్టుకొని బడికి పోయే పిల్లవు, నీకు గుర్తుండదు. మీ అమ్మకు కనకాంబరాలంటే ఇష్టమని అతను యాభై కుండీలు తెచ్చాడు. మూతి కొలతతో లెక్క వేసి వెయ్యి లీటర్లు దాటుతుందని తేల్చుకున్నాడు. అర ట్రిప్పు వేయనని ట్రాక్టర్ అతను అంటే, మిగిలితే మిగిలిందిలెమ్మని నిండు ట్రాలీ నల్లరేగడి తోలించాడు. మన దిక్కు ట్రాలీలో సుమారు వంద ఘనపుటడుగులు, అంటే 2,800 లీటర్ల మట్టి పడుతుంది. పొడిగా ఉన్నా నాలుగు టన్నులకు దగ్గర తూగుతుంది. కూలీలు తట్టలతో మోసుకొచ్చి, మెట్లకు దగ్గరగా ఉందని అంతా పోర్టికో మీదే కుప్ప పోశారు. పోర్టికో అంటే ముందువైపు స్తంభాల దన్ను లేకుండా గోడలోంచి చాచిన స్లాబు. ఆ రాత్రే మిరుగు వాన పడింది. కుప్ప నీళ్లు తాగి ఇంకా బరువెక్కింది. తెల్లవారేసరికి పోర్టికో గోడను కలిసే చోట పైన చీలిక పడి, దాని వెంట నల్లటి నీళ్లు కిందికి కారుతున్నాయి. సరిగ్గా ఆ కిందనే నీ మూడు చక్రాల సైకిలు ఉంది. మేము ముందు దాన్ని లాగి, తరువాత కర్రలు పోటు పెట్టి, అప్పుడు మట్టిని పారలతో వాకిట్లోకి తోశాము. మీ అమ్మ భయంతో నిన్ను చంక దించలేదు. ఆ పోర్టికోను ఆ తరువాత పడగొట్టించవలసి వచ్చింది. ట్రాక్టర్ అనే మాట వినగానే నాకు ఆ సైకిలే కళ్ల ముందుకు వస్తుంది, ఏం చేయను బిడ్డా.

పోనీ కుండీలకెత్తిన మట్టయినా పనికొచ్చిందా అంటే అదీ లేదు. నల్లరేగడి ఎండకు బిగిసి, కుండీ అంచు నుంచి వేలు దూరేంత విడిపోయేది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు రంధ్రం గుండా బయటికి వచ్చేవి. నడుమనున్న వేళ్లు మాత్రం పొడిగానే ఉండేవి. మీ బాపు రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాడు, మొక్కలు ఎండుతూనే ఉన్నాయి. మొండివాడే కానీ మీ అమ్మ మీద ప్రేమతో చేసిన మొండితనం కనుక అతణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. నిన్ను మాత్రం తిడతాను, ఎందుకంటే నీకు చెప్పేవాణ్ణి నేనింకా ఉన్నాను.

నా ఉద్యోగమంతా సాగర్ ఎడమ కాలువ మట్టి పనుల మీదే గడిచింది. గట్టు మీద పోసిన మట్టి వేరు, అణిగిన మట్టి వేరు. అణుగుదల తీసివేయకుండా ఎంబుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలత రాసేవాళ్లం కాదు. నీ కుండీలకు ఇదే లెక్కను తిరగేసి వాడు. ఎరువు, కొబ్బరి పొట్టు కలిపిన మట్టి నాలుగు తడులకే కుంగిపోతుంది కాబట్టి ఐదో వంతు అదనంగా కలుపుకుంటే కుండీకి 16 లీటర్లు, ఇరవై కుండీలకు 320. తొట్టి పొడవు 60, వెడల్పు 30, మట్టి లోతు 18 సెంటీమీటర్లయితే 32 లీటర్లు, అణుగుదలతో 39. నాలుగూ కలిపి 156. పుంటికూరకూ పాలకూరకూ ఆ లోతు సరిపోతుంది. సగం డ్రమ్ములో ఆనిగెపు తీగకు నూరు లీటర్లు, అణుగుదలతో 120, రెండింటికి 240. అంతా కలిపితే 720 లీటర్లకు లోపే. సిమెంటు సంచి ఒకటింబావు ఘనపుటడుగు, అంటే 35 లీటర్లు పడుతుంది. అంటే కుండీలకు మాత్రమే నర్సరీ అతను రాసుకున్న ఆ ఇరవై సంచులకు మరొక్కటి కలిపితే నీ తోట మొత్తం నిండుతుంది.

అందులో సగం చెల్క నేల ఎర్రమట్టి, పావు బాగా మాగిన పెంట ఎరువు, పావు కొబ్బరి పొట్టు ఉండేటట్లు కలుపు. ఎరువును కిలోల లెక్కన అమ్మితే తడి ఎక్కువున్న సంచిలో నీకు నీళ్లే వస్తాయి. రంగుల డబ్బా ఒకటి తీసుకొని లీటర్లలో కొలుచుకో. అయిదు కిలోల పొట్టు ఇటుకను నానబెడితే అరవై లీటర్లకు పైగా పొంగుతుంది కనుక మూడు ఇటుకలు చాలు.

మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువు చొప్పున లెక్కగట్టాలని మన దేశ నిర్మాణ ప్రమాణాలు చెబుతున్నాయి. అదే చదరపు మీటరులో అడుగు లోతున తడి ఎర్రమట్టి నింపితే అయిదు వందల కిలోలు దాటుతుంది. కుండీల మధ్య ఎడం వదలమనేది అందుకే. కొత్త ఇల్లే కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. మీ బాపుది కూడా అప్పటికి కొత్త ఇల్లే. సంచులను కిందనే ఉంచి, మట్టిని కిందనే కలిపి, ఏ పూటకు నింపేది ఆ పూటకే పైకి ఎక్కించు.

నీ స్లాబు పోసిన మేస్త్రీ ఊళ్లోనే ఉన్నాడట. అతణ్ణి మిద్దె మీదికి పిలిచి దూలాలు ఎక్కడెక్కడ పోతున్నాయో సుద్దతో గీయించు. డ్రమ్ముల ముక్కలు రెండూ ఆ గీతల మీదే, గోడ దగ్గరగా దించాలి. ఆ గీతల ఫొటో నాకు పంపు. అది నేను చూసేదాకా ఎవరికీ బయానా ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు