యుద్ధాలొస్తే బీమా ఉద్యోగం నిలుస్తుందా?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు సాగు చేస్తున్నాం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, బీమా రంగంలోకి వెళ్తానంటోంది. కరోనాలు, యుద్ధాలు వస్తే ఆ కంపెనీలే మునిగిపోవా?

జవాబు: బీమా అంతా ఒకే వ్యాపారమైతే మీ భయం నిజమే. కానీ ఒకే ఉపద్రవం ఒక్కో శాఖను ఒక్కో రకంగా తాకుతుందండీ. 2020 లాక్‌డౌన్‌లో బండ్లు ఇళ్ల ముందే ఆగిపోయాయి, వాహన బీమాలో ప్రమాద క్లెయిములు తగ్గాయి. ఆరోగ్య బీమాకు మాత్రం గిరాకీ పెరిగింది. మరుసటి ఏడాది రెండో ఉద్ధృతిలో జీవిత బీమా కంపెనీల మీద మరణ క్లెయిముల భారం పడింది.

మీకు దగ్గరి విషయం సముద్ర రవాణా బీమా. 2023 చివర ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల దాడులు మొదలయ్యాక చాలా నౌకలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. యుద్ధ ముప్పు ప్రీమియం అమాంతం పెరిగింది. మామూలు సరుకు బీమాలో యుద్ధ నష్టం ఉండదు, దానికి విడిగా కట్టాలి. నౌక ఆలస్యమైనందువల్ల కలిగే నష్టం కూడా సాధారణంగా ఇందులోకి రాదు. 2025లో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఇక్కడ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు పడిపోయినా సరుకు బీమా ఆదుకోదు. అక్కడి కొనుగోలుదారు దివాలా తీసి ఎగుమతిదారుకు డబ్బు ఎగ్గొడితే ఆదుకునేది ఎగుమతి రుణ బీమా. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ చేసే పని అదే. మాంద్యం వస్తే ఈ శాఖకు క్లెయిములూ పెరుగుతాయి, అడిగేవాళ్లూ పెరుగుతారు. ముప్పును లెక్కగట్టగలిగినవాళ్ల అవసరం అప్పుడే ఎక్కువ.

బీమా అంటే ఇంటింటికీ తిరిగి పాలసీలు అమ్మడమే అన్న దిగులు, మీరు రాయకపోయినా, ఉత్తరంలో కనిపిస్తోంది. అమ్మాయికి లెక్కలంటే ఇష్టమైతే డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకోమనండి. ముప్పును లెక్కగట్టి ప్రీమియం తేల్చే నిపుణులను యాక్చువరీలంటారు. ఆ కోర్సుకు ప్రవేశ పరీక్ష ఏసెట్, ఇంటర్ తర్వాత రాయవచ్చు. ఆ పైన పరీక్షలు ఏళ్ల తరబడి సాగుతాయి, ఓపిక లేనివారికి నేను చెప్పను. లెక్కల కన్నా ఒప్పందాలు, కాగితాల మీద మక్కువ ఉంటే బీకాం చదివి సరుకు బీమా అండర్‌రైటింగ్ (ఏ ముప్పుకు, ఏ షరతులతో బీమా ఇవ్వాలో తేల్చే పని), క్లెయిముల వైపు వెళ్లవచ్చు. కాకినాడ, విశాఖ రేవుల ఎగుమతి వ్యాపారానికి ఆ పని తెలిసినవాళ్లు కావాలి.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. మీ సరుకు కొనే ప్రాసెసింగ్ ప్లాంటువారిని అడిగి సరుకు బీమా పాలసీ నకలు తెచ్చి, దేనికి పరిహారం ఇవ్వరో రాసిన పేజీలు అమ్మాయి చేత చదివించండి. ‘ఇది ఎందుకు ఇవ్వరు నాన్నా?’ అని మిమ్మల్ని నిలదీస్తే ఆమెను ఆపకండి.