కె31 స్విస్ రైఫిల్ కొనొచ్చా? నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. గ్రీన్ కార్డు వచ్చింది, రేంజ్‌లో ఎవరో స్విస్ రైఫిల్ కాలుస్తుంటే, తూటాను లోపలికి తోసి మూసే ఆ బోల్ట్‌ను తిప్పకుండా సూటిగా లాగడం మీకు నచ్చింది. స్విస్ సైన్యం పాత రైఫిల్ కె31 కొనాలా, దానికన్నా పాతదైన 1889 మోడల్ ఒకటి చవగ్గా వస్తోంది అది తీసుకోవాలా, తూటాలు దొరుకుతాయా అని అడిగారు. నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. 2017లో ఒక గన్ షోలో కె31 కొన్నాను, ఇప్పటికీ నెలకోసారైనా తీస్తాను. అంతకు ముందు నా అనుభవమల్లా కాలేజీ ఎన్.సి.సి.లో కాల్చిన .22 మాత్రమే.

ముందు కాగితాల సంగతి. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు, డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో మీ ఏలియన్ నంబర్ కూడా అడుగుతారు. హెచ్1బి మీద ఉన్న మీ తమ్ముడి సంగతి వేరు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప నాన్ ఇమిగ్రెంట్ వీసా వాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. సరదాకి అతని కారులో పెట్టి పంపకండి. రాష్ట్రాల చట్టాలు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి. పాత రైఫిళ్లు వరసగా కొనే ఆలోచన ఉంటే పాత తుపాకులు సేకరించేవాళ్లకిచ్చే క్యూరియో అండ్ రెలిక్ లైసెన్సు తీసుకోండి. మూడేళ్లకు 30 డాలర్లు. కె31లు 1933 నుంచి 1958 దాకా తయారయ్యాయి కాబట్టి అన్నీ దాని కిందికి వస్తాయి.

ఇక ఆ లాగుడు. మామూలు రైఫిల్‌లో హ్యాండిల్ పైకి తిప్పి, వెనక్కి లాగుతాం. ఇందులో హ్యాండిల్ ఒక కడ్డీకి ఉంటుంది. ఆ కడ్డీకి ఉన్న చిన్న మొన బోల్ట్ తొడుగులోని మెలిక గాడిలో కూర్చుంటుంది. కడ్డీని సూటిగా లాగితే మొన గాడి వెంట నడిచి తొడుగును తిప్పుతుంది, తాళం వదులుతుంది. కవ్వం తాడు లాగితే కవ్వం తిరగదూ, అలాంటిదే. పాత స్విస్ రైఫిల్‌ను, దాని తూటాను రూపొందించినవాళ్ల పేర్లతో జనం దీన్ని ష్మిట్ రూబిన్ అనేస్తారు గానీ, ష్మిట్ 1898లో, రూబిన్ 1920లో పోయారు. కె31ను బెర్న్ ఆయుధ కర్మాగారంలో అడాల్ఫ్ ఫురర్ ఆధ్వర్యంలో కొత్తగా రూపొందించారు. పాత మోడళ్లతో పోలిస్తే తాళం వేసే లగ్గులు, అంటే బోల్ట్‌ను బిగించి పట్టే మొట్టెలు, ముందుకు, తూటా గదికి దగ్గరగా వచ్చాయి.

దీనికో బలహీనత ఉంది. తిప్పే బోల్ట్‌కు ఉండే ఆ మొదటి ఊపు, అంటే ఇరుక్కున్న ఖాళీ తూటా తొడుగులను పెగల్చే బలం, ఇందులో తక్కువ. మొదటి రోజు నేను బీరువా తలుపు తీసినట్టు మెల్లగా లాగాను. ఖాళీ తొడుగు సగం బయటికొచ్చి మళ్లీ లోపలే పడింది, నేను తోసేసరికి దాని వెనక రెండో తూటా. బ్యారెల్ టార్గెట్ వైపే పెట్టి పావుగంట కుస్తీ పట్టాను. పక్క బెంచీలో ఉన్న పెద్దాయన చూసి చూసి, దాన్ని బతిమాలితే రాదు, గట్టిగా లాగు అన్నాడు. నిజమే. చివరంటా ఒక్క ఊపున లాగి, అంతే జోరుగా ముందుకు తొయ్యాలి. తూటా గది శుభ్రంగా ఉండాలి, నూనె మరకలు ఉండకూడదు.

వెనక ఉన్న ఉంగరం అలంకారం కాదు, అదే సేఫ్టీ. వెనక్కి లాగి కుడివైపు తిప్పితే సేఫ్. తూటా పేలకపోతే అర నిమిషం ఆగి, బోల్ట్ తెరవకుండానే ఉంగరం లాగి మళ్లీ ప్రయత్నించొచ్చు.

గురి గురించి నేను పెద్దగా చెప్పను, మీరే చూస్తారు. ట్రిగ్గర్ రెండు అంచెలు, రెండోది గాజు పుల్ల విరిగినంత శుభ్రంగా తెగుతుంది. నా చత్వారం కళ్లతో, మామూలు ఇనుప సైట్లతో, 100 గజాల్లో ఐదు గుళ్లు రెండంగుళాల్లో పడతాయి. స్విట్జర్లాండ్‌లో ఏటా జరిగే కాల్పుల పోటీ ఫెల్డ్‌షీసెన్‌లో 300 మీటర్ల మీద 18 గుళ్లు, 72 పాయింట్లకు కాలుస్తారు. అక్కడ ఇప్పటికీ కె31తో వచ్చేవాళ్లున్నారు.

అసలు లెక్క తూటాలది. 7.5×55 స్విస్, సైన్యం వాడిన జిపి11. 174 గ్రెయిన్ల గుండు, పది పది చొప్పున అట్టపెట్టెలు, మెడ దగ్గర వేలికి జిగురుగా తగిలే మైనం. ఈ రైఫిల్‌కు ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. నేను మొదలుపెట్టినప్పుడు రౌండు 70 సెంట్లలోపే. చివరిసారి కొన్నప్పుడు డాలరు దాటింది. పైగా అందులో మందును అంటించే ప్రైమర్ బెర్డాన్ రకం, ఖాళీ తొడుగులను మామూలు పనిముట్లతో మళ్లీ నింపలేం. రీలోడ్ చేసుకోవాలంటే ప్రివి పార్టిజాన్ కంపెనీ తొడుగులు కొనండి, .308 అంగుళాల గుళ్లు సరిపోతాయి.

కానీ వేరే తూటా అయిన .308 విన్‌చెస్టర్ అలవాటుతో చెయ్యకండి. కె31 తూటా గది ముందు గుండుకు ఉండే జాగా చాలా తక్కువ. నేను గుండును కాస్త పొడుగ్గా కూర్చోబెట్టాను. బోల్ట్ మూసుకుంది గానీ ఎక్కడో బిగుతుగా అనిపించి, కాల్చకుండా లాగాను. తొడుగు వచ్చింది, గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయింది, మందు రవ్వలా మ్యాగజైన్ నిండా, లోపలంతా ఒలికిపోయింది. ఆ రోజుకి అంతే, ఇంటికొచ్చి రాడ్‌తో మూతి వైపు నుంచి గుండు తోసి, మందు దులిపేసరికి రాత్రయింది. ఇంట్లో ఏమన్నారో రాయను. గుండు రకం మార్చిన ప్రతిసారీ ఒక ఉత్త తూటా, ప్రైమర్, మందు లేకుండా, చేసి పొడవు చూసుకోండి.

కొనేటప్పుడు బట్ అడుగున చెక్క చెక్కుకుపోయి ఉంటే కంగారుపడకండి. మంచులో తిరిగిన రైఫిళ్లు, దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. బ్యారెల్ లోపల మెరుపు, బోల్ట్ మీద, రిసీవర్ మీద నంబర్లు కలిశాయా అన్నవి చూడండి. పి అక్షరం ముద్ర ఉంటే, సైన్యం నుంచి దిగిపోయేటప్పుడు దాన్ని ఆ సైనికుడే ఇంటికి తీసుకెళ్లాడని అర్థం. నా దానికి ఉంది. కొన్న వారానికి బట్ ప్లేట్ రెండు స్క్రూలు తీశాను, లోపల మడత పెట్టిన చీటీ. సిరాతో పేరు, దళం, పుట్టిన సంవత్సరం. అప్పుడాయనకు ఇరవై ఏళ్లు. పేరు ఇక్కడ చెప్పను. ఆ చీటీని మళ్లీ అక్కడే పెట్టేశాను.

ఇక మీకు చవగ్గా వస్తున్న 1889. కాగితాలు అక్కర్లేదని అమ్మేవాడు అన్నది నిజమే, 1898లోగా తయారైన తుపాకులు ఫెడరల్ చట్టంలో యాంటిక్ కిందికి వస్తాయి. కానీ బోనస్‌గా జిపి11 పెట్టె ఇస్తానన్నాడన్నారే, అక్కడే నాకు అతని మీద నమ్మకం పోయింది. 1889 పాత జిపి90 తూటా కోసం చేసింది, దాని లగ్గులు వెనకెక్కడో ఉంటాయి. జిపి11 ఒత్తిడికి అది పనికిరాదు, అందులో ఎప్పుడూ కాల్చకండి. పాత పొడుగు రైఫిలే కావాలంటే 96/11 గానీ 1911 గానీ చూడండి, అవి జిపి11కే. ఆ 1889 గోడకు తగిలించుకోడానికైతే ఓకే. పెట్టె మాత్రం వదలకండి, కె31 కొన్నాక పనికొస్తుంది.