మైక్రోసాఫ్ట్ వాళ్ళ పాత ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ విస్టా నిజంగానే అంత చెత్తగా ఉండేదా? ఓసారి వదిలేసి, మళ్ళీ వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నేను వాడాను. మొదటిసారి చెత్తే, రెండోసారి బాగుంది. రెండూ నిజమే.

2007లో అన్నయ్య కొన్న లాప్‌టాప్‌లో విస్టా హోమ్ బేసిక్ వేసే ఇచ్చారు. ర్యామ్ 512 ఎంబీ. కాగితం మీద అది సరిపోతుంది, వాడకంలోనే సరిపోదు. ఆన్ చేసి టీ తాగి వచ్చినా హార్డ్ డిస్క్ లైటు వెలుగుతూనే ఉండేది. ఫైలు కాపీ చేద్దామంటే, ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవడానికే దానికి బోలెడు టైం కావాలి. ఏ చిన్న ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసినా తెర మసకబడి పర్మిషన్ అడిగేది. పాత ప్రింటర్‌కి డ్రైవర్ (దాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) లేదు, కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త మోడల్ కొనుక్కోమన్నారు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, విస్టాకి ముందటి విండోస్ ఎక్స్‌పీ ఎక్కించేశాం.

అసలు గొడవంతా ఎక్కడంటే, విస్టాలో గ్రాఫిక్స్, సౌండ్ డ్రైవర్ల పద్ధతి మొత్తం మార్చేశారు. హార్డ్‌వేర్ కంపెనీలు చాలావరకు దానికి సిద్ధంగా లేవు. పైగా 2006 నుంచే మామూలు మెషీన్లకి కూడా 'విస్టా కేపబుల్' స్టిక్కర్లు అంటించి అమ్మారు. వాటిలో కొన్నిటికి ఆ అద్దాల్లాంటి ఏరో కిటికీలు చూపించే శక్తే లేదు. అమెరికాలో దీనిమీద కేసు కూడా వేశారు.

2008లో విస్టా లోపాలు సరిచేసే పెద్ద అప్‌డేట్, సర్వీస్ ప్యాక్ 1 వచ్చింది. ఆ తర్వాత ఆఫీసులో నాకిచ్చిన 2 జీబీ మెషీన్‌లోనూ విస్టానే. ఖర్మ అనుకుంటూ మొదలుపెట్టాను గానీ, కాపీలు గబగబా అయిపోతున్నాయి, డ్రైవర్లు వాటంతటవే దొరుకుతున్నాయి.

నన్ను పడగొట్టింది మాత్రం తెలుగు. ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనబడాలంటే రీజనల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ దగ్గర టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెట్టాలి. ఆ సీడీ ఎవరి దగ్గర ఉంటుంది చెప్పండి! లేకపోతే అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట. విస్టాలో ఆ తంటా లేదు, తెలుగు వికీపీడియా తెరవగానే శుభ్రంగా కనిపించింది. స్టార్ట్ మెనూలో రెండు మూడు అక్షరాలు కొడితే కావలసిన ప్రోగ్రాం వచ్చేయడం కూడా బాగా అలవాటైపోయింది.

2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చాక అందరూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కమాండ్ ప్రాంప్ట్‌లో వెర్షన్ చూస్తే విస్టాది 6.0, సెవెన్‌ది 6.1, అంటే విస్టా పునాది మీదే కట్టారన్నమాట. విస్టా డ్రైవర్లు చాలామటుకు అందులోనూ పనిచేశాయి. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు! అలాగని అప్పట్లో ఎక్స్‌పీలోనే ఉండిపోయినవాళ్ళని నేను తప్పుపట్టను. ఆ 512 ఎంబీ లాప్‌టాప్‌ని ఏ సర్వీస్ ప్యాకూ బాగుచేసేది కాదు.

ఇప్పుడు వాడి చూద్దామనుకుంటే మాత్రం నెట్‌కి కలపకండి. 2017 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆగిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. పాత గేములు ఆడుకోవడానికైతే వేసుకోండి, కనీసం 2 జీబీ ర్యామ్ ఉండేలా చూసుకోండి.