గాలి ఒత్తిడి కొలవడానికి చౌక మైకు చాలా?

ప్రశ్న: విండ్ టన్నెల్‌లో (నమూనా మీదకు గాలి వీచి పరీక్షించే సొరంగం), సెకనుకు 20 మీటర్ల గాలిలో, నమూనా ఉపరితలంపై ఒత్తిడి హెచ్చుతగ్గులు కొలవాలి. 1 మి.మీ. మందం గోడకు 1 మి.మీ. రంధ్రం వేసి, వెనక చౌక ఎలక్ట్రెట్ మైకు (శాశ్వత విద్యుదావేశంతో పనిచేసే చిన్న మైకు) బిగించాం. 6.7 కిలోహెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం వస్తోంది. మైకు పాడైందా?

జవాబు: మైకు బాగానే ఉంది. ఆ శిఖరం రంధ్రమూ దాని వెనక ఖాళీ కలిసి పుట్టించే హెల్మ్‌హోల్ట్జ్ అనునాదం, సీసా మూతి మీద ఊదితే మోగినట్టు. మైకు ముందు ఖాళీ 6 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. లోతు ఉంటే లెక్కకు అక్కడే తేలుతుంది. గాలి ఆపి స్పీకర్‌లో వైట్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా ఉండే హోరు) వినిపించండి, శిఖరం అలాగే ఉంటుంది.

ఆ వేగానికి 1 మి.మీ. రంధ్రం పెద్దదే. చిన్న సుడులు దాని మీద సగటై చెరిగిపోతాయి. 0.5 మి.మీ. మేలు, కానీ అప్పుడు అనునాదం 3.8 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. ఖాళీ లోతును 0.3 మి.మీ.కు తగ్గిస్తే మళ్లీ 7 కిలోహెర్ట్జ్ దగ్గరికి వస్తుంది. రంధ్రం గాలి తగిలే వైపు నుంచే వేయండి, బర్ర్ (అంచున మిగిలే గరుకు) వెనక్కి పోతుంది. అంచు గుండ్రం చేయకండి.

కాలిబ్రేషన్ తప్పనిసరి. రంధ్రం పక్కనే రిఫరెన్స్ మైకు (స్పందన ముందే తెలిసిన మైకు) పెట్టి, అదే ధ్వనికి రెండింటి నిష్పత్తిని ప్రతి ఫ్రీక్వెన్సీకీ తీసుకుని సరిచేయండి. మైకు చుట్టూ సందుంటే తక్కువ ఫ్రీక్వెన్సీలు పడిపోతాయి, మైనంతో మూయండి. సగటు ఒత్తిడి మాత్రం ఈ మైకు చెప్పదు, దానికి వేరే ట్యాప్ (ఒత్తిడి కొలిచే పరికరానికి కలిపే రంధ్రం) కావాలి.