ముందు డ్రైవర్ డోర్ తెరిచి స్టిక్కర్ చదవండి

30 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు), సామాను నింపాక 8,000 పౌండ్లు. హాఫ్ టన్ పికప్ (పెద్ద పికప్ ట్రక్కుల్లో తేలిక రకం) 11,000 లాగుతుందని బ్రోషర్‌లో ఉంది కదా, చాలదా అని అడిగారు. నేనూ అచ్చం అదే లెక్కతో కొన్నాను. చాలలేదు.

ఆ 11,000 అన్నది బండిలో ఇద్దరే ఉన్నారని, వేరే సామానేమీ లేదని అనుకుని చెప్పే అంకె. మనకు కావాల్సింది పేలోడ్, అంటే బండి తన మీద మోయగల బరువు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇంత దాటకూడదని. ఒకే మోడల్‌లో కూడా ఇది బండి బండికీ మారుతుంది. హంగులు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

నా స్టిక్కర్ మీద 1,520 పౌండ్లు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (బండి వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, అదీ పేలోడ్‌లోకే వస్తుంది, అంటే మనకు సుమారు 1,000. ఆ బరువును ఇరుసులన్నిటికీ సర్దే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90. మేం నలుగురం 560. అక్కడికే 1,650 అయిపోయింది, ఇంకా ఐస్ పెట్టె, జనరేటర్ ఎక్కించనే లేదు!

మొదటి ట్రిప్‌లోనే తెలిసొచ్చింది. పక్క లేన్‌లో పెద్ద ట్రక్కు దాటిపోతుంటే ఆ గాలికి ట్రైలర్ ముందు అవతలికి జరిగింది, తర్వాత దానివైపు లాగింది. స్టీరింగ్ చేతిలో తేలిపోయినట్టయింది. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ట్రైలర్ బ్రేక్ మీట చేత్తో మెల్లగా నొక్కితే గానీ ఊగడం ఆగలేదు. వెనక సీట్లో పిల్లలు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తుంది.

తర్వాత త్రీ క్వార్టర్ టన్‌కి (ఇంకా ఎక్కువ బరువు మోసే రకం పికప్) మారాను, పెట్రోల్ ఇంజిన్‌దే. కొండ దారులు ఎక్కువైతే డీజిల్ మంచిది, దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించేది) చాలా ఆసరా. కానీ ఆ ఇంజిన్ బరువు వల్ల పేలోడ్ తగ్గుతుంది, అక్కడా స్టిక్కర్ చూడాల్సిందే.

ట్రైలర్ విషయంలో డ్రై వెయిట్‌ని (నీళ్లు, సామాను లేని ఖాళీ బరువు) నమ్మకండి, గరిష్ఠ బరువుతోనే లెక్క వేయండి. 40 గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్లు. కొన్నాక అన్నీ నింపి, ట్రక్ స్టాప్‌లో కాటా వేయించండి.

మీరు ఎంతమంది, ఎలాంటి రోడ్ల మీద వెళ్తారు? మీరు చూసిన బండి స్టిక్కర్ మీది అంకె కూడా రాయండి, కలిసి లెక్క చూద్దాం.